అడిగేవారు, ఆదుకునేవారు

(సంతాన నిర్ణయంపై బంధుమిత్రుల ప్రభావం: ప్రసంగ పాఠం)



తెలుగు, తమిళం కలిసి వినిపించే గుడియాత్తం వీధుల్లో ఉభయభాషలకూ ఉమ్మడిగా చెల్లే మాట ఒకటి ఉంది. ఆ మాట ‘విశేషం’. పెళ్ళయి ఆరు నెలలు గడిచిన కోడలు గుడి మెట్ల మీద ఎదురైతే తెలుగింటి పెద్దమ్మ ‘ఏమైనా విశేషమా అమ్మా?’ అని అడుగుతుంది. పక్కింటి తమిళ గృహిణి ‘విశేషం ఉండా?’ అని అడుగుతుంది. భాష మారినా ప్రశ్న మారదు. అడిగేవారి మనసులో కీడు లేదు, అది ఆప్యాయతే. అయితే ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన అమ్మాయి ఇంటికి వెళ్ళేలోపు మరో ఇద్దరు అదే అడుగుతారు. సాయంత్రం పుట్టింటి నుంచి వచ్చే ఫోనులోనూ అదే ప్రశ్న.

పిల్లల్ని కనడం భార్యాభర్తల సొంత విషయమని అందరూ అంటారు. చట్టం దృష్టిలో అది నిజం. జీవితంలో మాత్రం ఆ నిర్ణయం వెనుక చాలామంది నిలబడి ఉంటారు. మనవణ్ణి ఎత్తుకోవాలని ఆశపడే అత్తమామలు, పురుడు పోయడానికి సిద్ధపడే తల్లి, తన అనుభవం చెప్పే అక్క, తనకంటే ముందు తల్లి అయిన స్నేహితురాలు, సెలవు ఇచ్చే లేదా ఇవ్వని యజమాని, వీధిలో మాట్లాడుకునే నలుగురు, చివరకు చట్టం చేసే ప్రభుత్వం. వీరంతా ఆ నిర్ణయంలో పాలుపంచుకుంటారు. దాని ఫలితాన్ని మోసేది మాత్రం ఒక స్త్రీ శరీరం. ఈ రెండింటి మధ్య ఉన్న వ్యత్యాసమే నేటి ప్రసంగ విషయం.

వేలూరు నేర్పిన పాఠం

ఈ విషయంలో దూరదేశాల ఉదాహరణలు వెదకడానికి ముందు పక్కనే ఉన్న వేలూరు చరిత్రను తలచుకోవాలి. 1890 దశకంలో అమెరికా నుంచి తల్లిదండ్రుల దగ్గరకు వచ్చిన ఐడా స్కడర్ అనే యువతి తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వేర్వేరుగా ఆ ఇంటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనలో ప్రాణాపాయంలో ఉన్నారు. ఐడా తండ్రి వైద్యుడు, తాను వస్తానన్నాడు. పరాయి మగవాడు తమ ఇంటి ఆడవారిని చూడరాదని ఆ ముగ్గురూ నిరాకరించారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఆ రాత్రే ఐడా జీవితాన్ని మలుపు తిప్పింది. 1899లో వైద్యపట్టా పొంది, 1900లో వేలూరులో ఒకే మంచంతో ఆమె ప్రారంభించిన చికిత్సాలయమే నేటి క్రైస్తవ వైద్య కళాశాలకు మూలం.

ఈ కథను సేవాగాథగా అందరూ చెప్పుకుంటారు. ఇందులో మరో పాఠం కూడా ఉంది. ఆ ముగ్గురు భర్తలు భార్యల మీద ప్రేమ లేనివారు కారు. ప్రేమ లేకపోతే అర్ధరాత్రి పరుగెత్తి వచ్చేవారే కారు. వారిని ఆపింది కులం, మతం, బంధువర్గం, ‘నలుగురు ఏమనుకుంటారో’ అనే భయం. వైద్యుడు పక్కవీధిలోనే ఉన్నా ఆ భయాన్ని దాటి రాలేకపోయారు. ఆ ముగ్గురు స్త్రీలను ఎవరైనా అడిగారో లేదో ఆ కథలో ఎక్కడా వినబడదు.

పుట్టిల్లు దగ్గర, పుట్టిల్లు దూరం

1911 వరకు చిత్తూరు, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగాలే. ఆ ఏడాది చిత్తూరు జిల్లా ఏర్పడింది. తరువాత రాష్ట్రాల సరిహద్దు కూడా వచ్చింది. అయినా అటు నుంచి దిగివచ్చే కౌండిన్య నది ఆ గీతను ఎలా పట్టించుకోలేదో బంధుత్వాలూ అలాగే పట్టించుకోలేదు. పలమనేరు పిల్ల గుడియాత్తం కోడలు కావడం, గుడియాత్తం పిల్ల కుప్పం వైపు మెట్టినింటికి వెళ్ళడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

దక్షిణాది బంధుత్వాలలో మేనరికానికి ప్రత్యేక స్థానం ఉండేది. వేలూరు వైద్య కళాశాల పరిశోధకులు పి.ఎస్.ఎస్. రావు, ఎస్.జి. ఇన్బరాజ్ 1970 దశకంలో ఉత్తర ఆర్కాటు జిల్లాపై చేసిన అధ్యయనంలో పల్లెల్లో దాదాపు సగం వివాహాలు రక్తసంబంధీకుల మధ్యే జరిగినట్లు తేలింది. మేనరికం వల్ల పుట్టే పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలు వేరు. వాటిని వైద్యుల ముందు పెట్టవలసిందే. ఇక్కడ గమనించవలసింది దాని సామాజిక పార్శ్వం. మేనమామ ఇంటికి కోడలుగా వెళ్ళిన పిల్లకు అత్త అంటే అంతకుముందే తెలిసిన మనిషి. పుట్టిల్లు ఒక పూట ప్రయాణం. తల్లి వచ్చి చూసిపోగలదు, తప్పు జరిగితే నిలదీయగలదు.

టిమ్ డైసన్, మిక్ మూర్ అనే ఇద్దరు పండితులు 1983లో ఈ విషయం మీదే ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఉత్తరాదిలో ఆడపిల్లను తెలియని దూరపు ఊరికి ఇచ్చే ఆచారం బలంగా ఉందనీ, పెళ్ళి తరువాత ఆమెకు పుట్టింటితో సంబంధం పలచబడుతుందనీ, దక్షిణాదిలో ఆ సంబంధం నిలుస్తుందనీ వారు చూపారు. దక్షిణాది స్త్రీకి తన మాట చెల్లించుకునే అవకాశం ఎక్కువ కావడానికీ, ఇక్కడ పెళ్ళి వయసు ఎక్కువగా, కాన్పులు తక్కువగా, శిశుమరణాలు తక్కువగా ఉండడానికీ ఇదొక ముఖ్య కారణమని వారి వాదం. అంటే ఎందరు పిల్లలన్న లెక్కకూ, పుట్టిల్లు ఎంత దూరమన్న లెక్కకూ సంబంధం ఉందన్నమాట.

వలస వచ్చిన కుటుంబాలు ఈ మాట మీద నిలిచి ఆలోచించాలి. పని కోసం గుడియాత్తం, ఆంబూరు, వేలూరు, చెన్నై, బెంగళూరు చేరిన దంపతులకు పుట్టిల్లు ఇప్పుడు ఫోనులోనే ఉంది. సలహా ఇచ్చే గొంతు రోజూ వినబడుతుంది. బిడ్డను ఎత్తుకునే చేతులు మాత్రం వందల మైళ్ళ దూరాన ఉన్నాయి. మొదటి కాన్పుకు తల్లి వచ్చి మూడు నెలలు ఉంటుంది. రెండో కాన్పునాటికి ఆమెకే మోకాళ్ళ నొప్పులు, లేదా ఇంకో కూతురి పురుడు. ‘రెండో బిడ్డను ఎప్పుడు కంటారు?’ అని బంధువులు అడిగినప్పుడు ఆ దంపతులు చెప్పలేని జవాబు ఇదే: ‘చూసుకునేవారు ఎవరు?’

మాట నుంచి మాటకు

1991 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపే. చదువు పెరిగితేనే కాన్పులు తగ్గుతాయని నమ్మిన పండితులకు ఆ తరువాత జరిగింది ఆశ్చర్యం కలిగించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కలో 1992–93 నాటికి అక్కడ సగటున స్త్రీకి 2.6 మంది పిల్లలు. 2005–06 నాటికి 1.8. తమిళనాడులో అదే కాలంలో 2.5 నుంచి 1.8కి తగ్గింది. దేశ సగటు 2.0కి దిగివచ్చింది 2019–21 సర్వేలోనే. తమిళనాడులో చదువుకున్న స్త్రీలు ఎక్కువ. ఆంధ్రలో అప్పటికి తక్కువ. అయినా రెండూ దాదాపు కలిసే నడిచాయి.

బడికి పోని తల్లులకు ఈ ఆలోచన ఎలా అందింది? ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు, గోడల మీద ఎర్ర త్రికోణం వెలిసింది, ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అనే నినాదం వినబడింది. తమిళనాట ఈ కార్యక్రమాన్ని పట్టుదలతో నడిపిన అధికారి టి.వి. ఆంటనీ పేరులోని పొడి అక్షరాలకు జనం ‘ట్యూబెక్టమీ, వేసెక్టమీ’ అని సరదాగా అర్థం చెప్పేవారు. అంతకుముందే 1930 ప్రాంతంలో పెరియార్ గర్భనిరోధాన్ని సభల్లో బాహాటంగా చర్చించారు. దేశంలో జనం ఎక్కువయ్యారని ఇతరులు వాదిస్తుంటే, స్త్రీ స్వేచ్ఛకు అది అవసరమని ఆయన వాదించారు. ఇవన్నీ దోహదం చేశాయి. అయితే గోడ మీది నినాదాన్ని నిర్ణయంగా మార్చింది బావి దగ్గరి మాట, నాట్ల దగ్గరి మాట, పొదుపు సంఘం చాప మీది మాట. ‘మా వదిన చేయించుకుంది, ఏమీ కాలేదు’ అన్న ఒక్క వాక్యానికి ఉన్న బలం కరపత్రానికి లేదు.

ఇది తెలుగువారికే ప్రత్యేకం కాదు. దక్షిణ కొరియా పల్లెల్లో 1968 నుంచి తల్లుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటిని పరిశీలించిన రోజర్స్, కిన్‌కెయిడ్ అనే పరిశోధకులకు ఒక విచిత్రం కనబడింది. ఒక ఊళ్ళో అత్యధికులు మాత్రలే వాడుతున్నారు. మరో ఊళ్ళో అత్యధికులు లూపే వేయించుకున్నారు. ఇంకో ఊళ్ళో మగవారి శస్త్రచికిత్సే ఎక్కువ. ప్రభుత్వం అన్ని ఊళ్ళకూ అన్ని పద్ధతులనూ అందించింది. ఏ ఊళ్ళో మొదటి స్త్రీలు ఏది ఎంచుకున్నారో తక్కినవారూ అదే ఎంచుకున్నారు. అమెరికాలో స్నేహితులపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటువంటిదే. స్నేహితురాలికి బిడ్డ పుట్టిన తరువాత తానూ తల్లి అయ్యే అవకాశం పెరుగుతుందనీ, ఆ ప్రభావం దాదాపు రెండేళ్ళకు పతాకస్థాయికి చేరి తరువాత తగ్గుతుందనీ అది తెలిపింది.

తెలుగు ఇళ్ళలో ఈ అనుకరణ ఒకే దారి పట్టింది. 2019–21 సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ వివాహితలలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం, తమిళనాడులో దాదాపు 58 శాతం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. దేశ సగటు 38 శాతం. పురుషుల శస్త్రచికిత్స దేశం మొత్తం మీద 0.3 శాతం మాత్రమే. తెలుగులో ‘ఆపరేషన్ అయిందా?’ అని అడిగితే ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. అమ్మ చేయించుకుంది, అక్క చేయించుకుంది, వదిన చేయించుకుంది. కాబట్టి ఇరవై నాలుగేళ్ళ చెల్లెలూ రెండో కాన్పు మంచం మీదే చేయించుకుంటుంది. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం పాటించే పద్ధతులు ఉన్నాయని ఆమెకు చెప్పేవారు తక్కువ. భర్తకు చేసే శస్త్రచికిత్స ఇంతకంటే తేలిక అనీ, దానివల్ల బలం తగ్గదనీ అతనికి చెప్పే స్నేహితుడు ఇంకా తక్కువ. అదే సర్వేలో దేశంలోని పురుషుల్లో మూడో వంతుకు పైగా ‘గర్భనిరోధం ఆడవారి పని, మగవాడు పట్టించుకోనక్కరలేదు’ అన్న మాటతో ఏకీభవించారు.

మాట నుంచి మాటకు పాకిన ఆలోచన లక్షల మంది తల్లుల ఆరోగ్యాన్ని కాపాడింది. అదే మాట ఎంపికలను కుదించింది కూడా. రెండూ నిజమే.

కండె చుట్టిన చేతులు

గుడియాత్తం పేరు చెప్పగానే మగ్గం మీది లుంగీ, అగ్గిపెట్టె, బీడీ గుర్తుకు వస్తాయి. ఈ మూడు వృత్తులూ ఇంటిల్లిపాది చేతుల మీద నడిచినవి. మగ్గం ఉన్న ఇంట్లో తండ్రి నేస్తే తల్లి ఆసు పోసేది, పిల్లలు కండెలు చుట్టేవారు. బీడీల ఇంట్లో చిన్నచేతులు ముడి వేసేవి. అగ్గిపెట్టెల పనిలోనూ అంతే. ఆ కాలంలో ‘ఇంకో బిడ్డ’ అంటే ఇంకో నోరు మాత్రమే కాదు, ఇంకో జత చేతులు. అప్పు తీర్చడానికి పిల్లవాణ్ణి బీడీ యజమాని దగ్గర పనికి కుదిర్చిన ఇళ్ళు ఉత్తర ఆర్కాటులో ఎన్నో ఉండేవి. అప్పిచ్చినవాడితో ఉన్న సంబంధం కూడా సంతాన నిర్ణయంలో ఒక చేయి వేసేది.

ఆ లెక్కను మార్చింది బడి. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఎన్నికైంది గుడియాత్తం ఉపఎన్నికలోనే. 1956లో ఆయన ప్రభుత్వం బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం ప్రారంభించింది. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని విస్తరించారు. పిల్లవాడు బడికి వెళ్ళిన రోజున ఇంటికి రెండు మార్పులు వచ్చాయి. సంపాదించే చేయి తగ్గింది. పలక, పుస్తకం, ఫీజు అనే ఖర్చు పెరిగింది. జాన్ కాల్డ్‌వెల్ అనే పండితుడు ఈ మార్పును ఒక్క మాటలో పట్టుకున్నాడు: పిల్లల నుంచి పెద్దలకు పారే సంపద దిశ మారి పెద్దల నుంచి పిల్లలకు పారడం మొదలైన చోట కాన్పులు తగ్గుతాయి. పి.హెచ్. రెడ్డి, పాట్ కాల్డ్‌వెల్‌లతో కలిసి కర్ణాటక పల్లెల్లో ఆయన చేసిన పరిశోధన 1988లో పుస్తకంగా వచ్చింది.

ఇక్కడా బంధువుల పోలిక పనిచేసింది. చిన్నాన్న కొడుకు ఇంగ్లీషు మీడియంలో చేరితే తన కొడుకునూ చేర్చాలి. ఇద్దరిని అక్కడ చదివించడం కష్టం. నలుగురిని చదివించడం అసాధ్యం. పాలిటివారి మధ్య ఆ పోటీ ఎన్నో ఇళ్ళలో పిల్లల సంఖ్యను తగ్గించింది.

ప్రశ్న గాయమయ్యే చోటు

ఇప్పుడు మొదట చెప్పుకున్న ‘విశేషం’ దగ్గరకు తిరిగి రావాలి. ఆ ప్రశ్నకు ‘ఉంది’ అని చెప్పగలిగిన అమ్మాయికి అది పండుగ. గాజులు తొడుగుతారు, సీమంతం చేస్తారు, తమిళ పొరుగువారు వళైకాప్పు పాటలు పాడతారు. ‘లేదు’ అని మూడేళ్ళుగా చెబుతున్న అమ్మాయికి అదే ప్రశ్న రోజూ గుచ్చుకునే ముల్లు. ఆమెను సీమంతానికి పిలవాలా వద్దా అని పెద్దలు గుసగుసలాడతారు. పిలిస్తే ఒక బాధ, పిలవకపోతే ఇంకో బాధ. గొడ్రాలు అనే మాట తెలుగులో ఉంది. దానికి సమానంగా మగవాణ్ణి నొప్పించే మాట వాడుకలో లేదు. భాషలోని ఈ లోటే అన్యాయం ఎక్కడ ఉందో చెబుతుంది.

వైద్యశాస్త్రం మాట వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపిన ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. దాదాపు సగం జంటల్లో కారణం పూర్తిగానో కొంతవరకో పురుషుని వైపు ఉంటుంది. అయినా మొక్కులు మొక్కేది ఆమె, ఉపవాసం ఉండేది ఆమె, పరీక్షలకు ముందుగా వెళ్ళేది ఆమె. భర్త పరీక్ష చేయించుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ‘రెండో సంబంధం చూద్దామా?’ అన్న మాట కూడా ఇంట్లో వినబడుతుంది.

మగబిడ్డ కోసం పెట్టే ఒత్తిడి ఇటువంటిదే మరొకటి. ఇద్దరు ఆడపిల్లల తరువాత ‘వంశం నిలవాలి కదా’ అనే మాట ఎవరు ముందు అంటారో చెప్పలేం. ఆప్యాయంగా అనేవారు కూడా ఆమె మూడో గర్భాన్ని ఆమె చేతుల్లోంచి తీసుకుంటున్నారు. తమిళనాడులో ఆడశిశువుల హత్యలు అరికట్టడానికి 1992లో ఊయల పథకం పెట్టవలసి వచ్చింది. పుట్టకముందే ఆడా మగా అని తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. చట్టం స్కానింగ్ గది వరకు వెళ్ళగలదు. వంటింట్లో అత్త వేసే నిట్టూర్పు దగ్గరకు వెళ్ళలేదు. అక్కడికి చేరగలిగేది ఆ ఇంటి మనుషుల మాటే.

ప్రభుత్వమూ ఒక పెద్దదిక్కే

ఇంటి పెద్దలలాగే ప్రభుత్వమూ మాట మారుస్తుంది. ఒక తరానికి ‘రెండు చాలు’ అని చెప్పింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసింది. ముప్పై ఏళ్ళ తరువాత, 2024 నవంబరులో, అక్కడి శాసనసభే ఆ నిబంధనను తొలగించింది. దానికి ముందు నెలలో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువ మంది పిల్లల్ని కనాలని పిలుపునిచ్చారు. అదే రోజుల్లో చెన్నైలో సామూహిక వివాహాల వేదిక మీద తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ పదహారు మంది పిల్లల్ని కనాలేమో అని చమత్కరించారు. లోక్‌సభ స్థానాలు జనసంఖ్యను బట్టి తగ్గుతాయేమోనన్న ఆందోళన, వృద్ధుల సంఖ్య పెరుగుతుందన్న ఆందోళన ఈ మాటల వెనుక ఉన్నాయి. 2019–21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సగటు 1.7, తమిళనాడు, తెలంగాణల్లో 1.8. జనసంఖ్య నిలకడగా ఉండడానికి 2.1 కావాలి.

ఆందోళన నిజమైనదే. అయితే తల్లికి ‘రెండు చాలు’ అని చెప్పి ఆపరేషన్ బల్ల ఎక్కించిన గొంతూ, ఆమె కూతురికి ‘ఇంకా కను’ అని చెబుతున్న గొంతూ ఒకటే అయినప్పుడు, ఆ కూతురు ఒక ప్రశ్న అడగడం న్యాయం: ‘మా అమ్మను అప్పుడు అడిగారా? నన్ను ఇప్పుడు అడుగుతున్నారా?’

ఆదుకోవడమంటే

బంధుత్వాల ప్రభావం లేకుండా ఎవరూ జీవించలేరు. అలా జీవించాలని కోరడమూ అర్థం లేనిది. ప్రభావం ఎలాగూ ఉంటుంది కాబట్టి అది ప్రశ్నగా కాకుండా ఆసరాగా ఉండేటట్టు చూడడమే చేయదగిన పని. దానికి కొన్ని విషయాలు అందరికీ తెలిసి ఉండాలి.

గర్భం నిర్ధారణ అయిన వెంటనే దగ్గరి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదు చేయించుకోవాలి. తమిళనాడులో ఆ నమోదు సంఖ్య తరువాత జనన ధ్రువపత్రానికీ అవసరం అవుతుంది. అర్హత ఉన్న పేద తల్లులకు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సహాయ పథకం కింద నగదు, పోషకాహార కిట్లు కలిపి 18,000 రూపాయల విలువైన సహాయం ఉంది. తమిళం చదవలేని వదినకో పక్కింటి కోడలికో తోడుగా కేంద్రానికి వెళ్ళి ఫారం నింపించడం ‘విశేషమా?’ అని పదిసార్లు అడగడం కంటే మేలు.

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా జననాన్ని ఉచితంగా నమోదు చేయించవచ్చు. పేరు నిర్ణయించకపోయినా నమోదు ఆగనక్కరలేదు. ఏడాదిలోగా పేరును రుసుము లేకుండా చేర్చవచ్చు. అంగన్‌వాడీ కేంద్రం గర్భిణికీ, బాలింతకూ, ఆరేళ్ళలోపు బిడ్డకూ ఉద్దేశించినది; ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది అక్కడ అడ్డు కాదు. ప్రసవ సమయంలో 108, ఆరోగ్య సలహాకు 104, ఇంట్లో హింస ఎదురైతే 181 నంబర్లు పనిచేస్తాయి.

కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకు చేయించుకునే వ్యక్తి అంగీకారమే ప్రధానం. జీవిత భాగస్వామి సంతకం తప్పనిసరి కాదు. చట్టం అనుమతించిన గర్భస్రావానికి వయోజన స్త్రీ అంగీకారం ఒక్కటే చాలు. ఈ హక్కులు కాగితం మీద ఉన్నాయి. కాగితం చదివి చెప్పే అక్క పక్కన ఉంటేనే అవి జీవితంలోకి వస్తాయి.

మగవారు చేయగలిగేది కూడా ఉంది. సంతానం ఆలస్యమైతే పరీక్షకు భార్యతో కలిసి, వీలైతే ఆమెకంటే ముందు వెళ్ళవచ్చు. ‘మా ఆవిణ్ణి ఏమీ అడగకండి, ఆ విషయం మా ఇద్దరిదీ’ అని తన తల్లికి మృదువుగా చెప్పవచ్చు. కొడుకు నోట వచ్చిన ఆ ఒక్క మాట కోడలికి ఎన్నో ఏళ్ళ ఊరట. ఒకే వీధిలో ఉన్న నాలుగు వలస కుటుంబాలు వంతులవారీగా పిల్లల్ని చూసుకోగలిగితే, ఫోనులో ఉన్న పుట్టింటిలో కొంత భాగం వీధిలోకి వచ్చినట్టే.

ప్రతి ఏటా వైశాఖ మాసంలో గుడియాత్తం గంగమ్మ సిరసు ఊరేగుతుంటే తమిళులు, తెలుగువారు కలిసి దారి పొడవునా నిలబడతారు. సంతానం కోరి మొక్కుకునేవారూ ఆ జనంలో ఉంటారు. ఈ ఏడాది ఆ జాతరలో, పెళ్ళయి ఏళ్ళు గడిచిన ఒక కోడలు ఎదురైతే, పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి ‘ఒంట్లో ఎలా ఉంది తల్లీ? భోజనం చేశావా?’ అని అడిగితే చాలు. చెప్పాలనుకున్న విషయం ఉంటే ఆ అమ్మాయే చెబుతుంది. చెప్పాలని లేకపోతే, కనీసం ఒక రోజైనా తల దించుకోకుండా ఇంటికి వెళుతుంది.